నందాదేవి ఎక్కొచ్చా అని అడిగిన పాలమూరు తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న పొడుగ్గా ఉంది కాబట్టి మిగతావాళ్ల కోసం ముందు నాలుగు ముక్కల్లో చెప్తా. మీరు నలుగురు, జడ్చర్ల వైపు వాళ్లు. భువనగిరి గుట్ట మీద రాక్ క్లైంబింగ్ నేర్చుకున్నారు, పోయిన సీజన్‌లో మనాలి దగ్గర ఫ్రెండ్‌షిప్ పీక్ ఎక్కారు. ఉత్తరాఖండ్‌లోని ఔలీ పోయినప్పుడు దిగిన ఫొటోలో వెనకాల నందాదేవి పడింది, అప్పటి నుంచి నీకు నిద్ర పట్టట్లేదు. ఎవరెస్ట్ మీద లాగా లైన్లో నిలబడే పని లేదు, ఏళ్ల తరబడి ఎవరూ ఎక్కట్లేదు, మరి పాలమూరు నుంచి మనమే ఎందుకు పోకూడదు, పర్మిషన్ ఎవరిస్తారు, రెండేళ్లు ప్రాక్టీస్ చేస్తే సరిపోతుందా అని అడిగావు.

సూటిగా చెప్తా. నందాదేవి ప్రధాన శిఖరం ఎక్కడం ఇప్పుడు కుదరదు. 1983లో ఆ లోపలి ప్రాంతాన్ని పర్వతారోహకులకు మూసేశారు, ఆ తర్వాత ఒకటీ అరా ప్రత్యేక బృందాలు తప్ప ఎవరూ పోలేదు. మళ్లీ తెరవాలన్న మాట అప్పుడప్పుడు పేపర్లలో వస్తుంటుంది, అది వచ్చినప్పుడల్లా ఏజెంట్లు కూడా లేస్తుంటారు. అడ్వాన్స్ కట్టండి, స్పెషల్ పర్మిషన్ ఇప్పిస్తా అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టెయ్యి. అయితే నీ ప్రశ్నను అంతటితో కొట్టేయడం నాకు ఇష్టం లేదు. ఆ కొండ మీదికి ఎవరూ ఎందుకు పోవట్లేదు, పోయినవాళ్లకు ఏమైంది, దాని చుట్టుపక్కల మీలాంటివాళ్లు చేయగలిగింది ఏముంది అన్నది తెలిస్తే, నీ రెండేళ్ల ప్లాన్ నువ్వే మార్చుకుంటావు.

కొండ సంగతి. 7816 మీటర్లు. కాంచనగంగ 8586 ఉన్నా అది నేపాల్ సరిహద్దు మీద ఉంది, పూర్తిగా మన దేశంలో ఉన్న కొండల్లో నందాదేవిదే పెద్ద ఎత్తు. అయితే ఈ కొండ దగ్గర అసలు చిక్కు ఎత్తు కాదు, కొండ మొదలు దాకా చేరడం. దాని చుట్టూ ఇంకో కొండల గోడ ఉంది, దాదాపు 110 కిలోమీటర్ల చుట్టుకొలత, అందులో 6400 మీటర్లు దాటిన శిఖరాలే డజను దాకా ఉన్నాయి. లోపలి మంచు కరిగిన నీళ్లన్నీ పడమర వైపు ఒకే ఒక్క సందులోంచి బయటికొస్తాయి, అదే రిషిగంగ లోయ. గోడ దూకాలి, లేదంటే ఆ సందులోంచి దూరాలి, మూడో దారి లేదు. నల్లమలలో సలేశ్వరం దిగినవాళ్లకు ఇరుకు లోయ అంటే ఏంటో కొంచెం అర్థమవుతుంది, చైత్ర పౌర్ణమి జాతరకు ఆ నాలుగు రోజులు తప్ప అడవి శాఖ వదలదన్న సంగతీ తెలుసు. రిషిగంగ కూడా అలాంటిదే అనుకో, కాకపోతే రెండు వైపులా గోడలు వేల అడుగులు లేస్తాయి, జాతర ఉండదు, కింద నీళ్లలో పడ్డవాడి కోసం ఎవరూ వెతకరు.

1905లో టామ్ లాంగ్‌స్టాఫ్ అనే ఇంగ్లీషు డాక్టరు తూర్పు వైపు గోడ మీది ఒక కనుమ దాకా ఎక్కి లోపలికి తొంగి చూశాడు. ఆ కనుమకు ఇప్పుడు ఆయన పేరే ఉంది. తర్వాత హ్యూ రట్‌లెడ్జ్ అనే ఆయన ఎన్నో వైపుల నుంచి ప్రయత్నించి దారి దొరక్క వదిలేశాడు. చివరికి 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్, వాళ్లతో ముగ్గురు షెర్పాలు (ఆంగ్‌తార్కే, పసాంగ్, కుసాంగ్) రిషిగంగ గోడలను పట్టుకుని పాకుతూ లోపలికి పోయారు. శిఖరం జోలికి పోలేదు, దారి కనిపెట్టడానికే ఆ సీజన్ సరిపోయింది. రెండేళ్ల తర్వాత, 1936 ఆగస్టు 29న, టిల్మన్, నోయెల్ ఓడెల్ పైకి చేరారు, ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా. ఓడెల్‌తో పోవాల్సింది నిజానికి చార్లెస్ హ్యూస్టన్ అనే అమెరికన్ కుర్రాడు. పై క్యాంపులో డబ్బా తిండి వికటించి ఆయన కిందికి దిగాల్సి వచ్చింది, ఆ చోటు టిల్మన్‌కు దక్కింది. మూత సరిగా లేని డబ్బా ఒకటి చరిత్రలో పేరు మార్చేసింది. 1950లో ఫ్రెంచివాళ్లు అన్నపూర్ణ ఎక్కేదాకా మనిషి కాలు పెట్టిన అతి ఎత్తైన శిఖరం ఇదే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ రెండు బృందాల కష్టంలో ఎక్కువ భాగం లోయలోనే గడిచింది. ముందు దారి చూసుకోవాలి, తాడు కట్టాలి, సగం లగేజీ అవతల పెట్టి వెనక్కొచ్చి మిగతా సగం మోయాలి, రేపు మళ్లీ అదే. లాతా ఊరి నుంచి లాతా ఖరక్, ధరాన్సీ, డిబ్రుఘేటా, దేవ్‌డీ, రమణీ, భోజ్‌గడా, పాతాళ్‌ఖాన్ అని మజిలీలు ఉండేవి. ఈ పేర్లలో ఒక్కటి కూడా నీ ఫొటోలో కనిపించదు. ఫొటోలో పైన తెల్లగా మెరిసే ముక్క ఒక్కటే కనిపిస్తుంది, మనవాళ్లు దాన్ని చూసే ప్లాన్ వేసుకుంటారు.

రాయి గురించి ఒక మాట, ఎందుకంటే మీది గుట్ట మీద చదువు. భువనగిరి గుట్ట ఏకశిల, గ్రానైట్. ఎండకు కాలినా గరుగ్గా ఉంటుంది, బూటు రబ్బరు అతుక్కుంటుంది. వేలి కొనలకు చిన్న అంచు దొరికితే చాలు, అది ఊడి చేతిలోకొస్తుందన్న ఆలోచనే రాదు. ఆ అలవాటుతో అక్కడికి పోతే ప్రమాదం. అక్కడి రాయి చాలాచోట్ల పొరలు పొరలుగా పగిలి ఉంటుంది, రాత్రి పగుళ్లలో నీళ్లు గడ్డకట్టి పగలు కరిగి అంచులను వదులు చేస్తాయి. అందుకే ప్రతి పట్టునూ బరువు వేసే ముందు అరచేత్తో కొట్టి వినాలి. గట్టి రాయి మొద్దుగా పలుకుతుంది, వదులు రాయి డొల్లగా మోగుతుంది. డొల్లగా మోగితే ఎంత మంచి పట్టయినా వదిలెయ్యడమే. పొద్దున ఎండ తగలకముందు నిశ్శబ్దంగా ఉన్న గోడ నుంచి పదకొండు గంటలకు రాళ్లు దొర్లడం మొదలవుతుంది. మన దగ్గర ఎండెక్కితే నీడకు పోతాం, అక్కడ ఎండెక్కేలోపు ఆ గోడ కింద నుంచి బయటపడాలి.

ఇక మన జిల్లాలవాళ్లకు దగ్గరగా తగిలే కథ ఒకటుంది. 1964లో చైనా అణుబాంబు పరీక్షించింది. చైనా అణు, క్షిపణి పరీక్షల మీద నిఘా పెట్టడానికి అమెరికా సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి 1965లో నందాదేవి మీద ఒక యంత్రం పెట్టాలనుకున్నాయి. దానికి కరెంటు ప్లుటోనియంతో నడిచే జనరేటర్ నుంచి రావాలి. మన బృందానికి నాయకుడు కెప్టెన్ ఎం.ఎస్. కోహ్లీ, అదే ఏడాది ఎవరెస్ట్ మీదికి భారత బృందాన్ని నడిపించిన మనిషి. అక్టోబరులో తుఫాను పట్టుకుంది. మనుషులు దిగడమే ముఖ్యం అనుకుని యంత్రాన్ని నాలుగో క్యాంపు దగ్గర రాళ్ల మధ్య కట్టి దిగిపోయారు. మరుసటి ఏడాది పోయి చూస్తే లేదు. మంచు చరియతో జారి ఎక్కడో హిమానీనదంలో కూరుకుపోయి ఉంటుందని అంటారు, ఇప్పటికీ దొరకలేదు. 1978లో ఈ సంగతి బయటికొచ్చి ప్రధాని మొరార్జీ దేశాయ్ పార్లమెంటులో జవాబు చెప్పాల్సి వచ్చింది. నల్లగొండ జిల్లా పెద్దగట్టు, లంబాపూర్ యురేనియం గనుల గొడవ చూసినవాళ్లం, 2019లో అమ్రాబాద్ అడవిలో యురేనియం సర్వే వద్దని ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కితే సెప్టెంబరులో అసెంబ్లీ తీర్మానం దాకా పోయింది. నదికి ఎగువన అలాంటి పదార్థం ఉందంటే దిగువ ఊళ్లలో ఎంత టెన్షన్ ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. రిషిగంగ నీళ్లు ధౌలీగంగలో, అక్కడి నుంచి అలకనందలో, చివరికి గంగలో కలుస్తాయి.

అయితే కొండను మూయడానికి అదే కారణమని యూట్యూబ్‌లో ఖాయంగా చెప్పేవాళ్లను నమ్మకు. 1974లో విదేశీయులకు తెరిచాక బృందాల మీద బృందాలు దిగాయి. వంట కోసం భోజపత్ర చెట్లు నరికారు, క్యాంపుల దగ్గర డబ్బాలు, తాళ్లు, చిరిగిన టెంట్లు గుట్టలు పడ్డాయి, కస్తూరి మృగాల వేట పెరిగింది. 1982లో నేషనల్ పార్కు చేశారు, మరుసటి ఏడాది మూసేశారు, 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 1993లో సైన్యం ఇంజనీర్ల బృందం ఒకటి ప్రత్యేక అనుమతితో పోయింది. శాస్త్రవేత్తలను వెంట తీసుకుపోయారు, శిఖరం ఎక్కారు, పాత చెత్త కొంత కిందికి మోసుకొచ్చారు.

నా మటుకు లోపలి భాగం మూసి ఉంచడమే మంచిదనిపిస్తుంది. కాకపోతే ఆ మాట నల్లగొండలో కూర్చుని అనడం తేలిక. లాతా, రేణీ ఊళ్లలోని భోటియా జనానికి లోపలి పచ్చికలే మేత భూములు, బృందాలకు బరువులు మోయడమే నగదు సంపాదన. పార్కు గీత పడ్డాక ఆ రెండూ పోయాయి. 1974 మార్చి 26న ఇదే రేణీలో గౌరాదేవి ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని చెట్లను కౌగిలించుకుని నిలబడింది, చిప్కో అంటే దేశానికి గుర్తొచ్చేది ఆ రోజే. అడవిని కాపాడిన ఊరికే అడవిలోకి పోవడానికి చీటీ కావాల్సి వచ్చింది. నల్లమల చెంచులను అడిగితే ఈ కథ ఇంకా బాగా చెప్తారు. 2021 ఫిబ్రవరి 7న రేణీకి ఎగువన రోంటీ శిఖరం నుంచి రాయీ మంచూ కలిసి పెద్ద కొండచరియ విరిగిపడి రిషిగంగ ఒక్కసారిగా పొంగింది. రిషిగంగ విద్యుత్ ప్రాజెక్టు కొట్టుకుపోయింది, కింద తపోవన్ ప్రాజెక్టు సొరంగంలో పనివాళ్లు ఇరుక్కుపోయారు, చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిపి రెండు వందలు దాటారు. చలికాలం, ఎండగా ఉన్న పొద్దుటి పూట, వాన లేదు. ఆ లోయలో నది ఒడ్డున టెంట్ వేసే ముందు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ప్రాణాల సంగతికి వస్తే రెండు ఘటనలు చెప్పి ఆపుతా. విల్లీ అన్‌సోల్డ్ అనే అమెరికన్ కుర్రతనంలో ఈ కొండను చూసి, తర్వాత పుట్టిన కూతురికి నందాదేవి అని పేరు పెట్టుకున్నాడు. 1976లో తండ్రీ కూతురూ ఇద్దరూ ఆ కొండ ఎక్కడానికి వచ్చారు. సెప్టెంబరు 1న బృందంలో ముగ్గురు శిఖరం చేరారు. వారం తర్వాత, 8వ తేదీన, నాలుగో క్యాంపులో కడుపు నొప్పితో బాధపడుతూ ఆ అమ్మాయి తండ్రి కళ్లెదుటే చనిపోయింది. అంత ఎత్తు నుంచి కిందికి దింపే వీలు లేక అక్కడే మంచుకు అప్పగించారు. రెండోది 2019 మేలో. మార్టిన్ మోరన్ అనే ఎంతో అనుభవం ఉన్న బ్రిటిష్ గైడ్ బృందం నందాదేవి ఈస్ట్‌కు అనుమతి తీసుకుని పోయింది, పక్కనే ఉన్న 6477 మీటర్ల పేరు లేని శిఖరం మీద హిమపాతంలో ఎనిమిది మంది పోయారు, అందులో మన దేశం తరఫున బృందం వెంట పోయిన లైజన్ ఆఫీసరు ఒకరు. ఐటీబీపీ (ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు) జవాన్లు వారాల తరబడి కష్టపడి ఏడు మృతదేహాలు తెచ్చారు, మోరన్ దొరకలేదు. ఆయన ఆ ప్రాంతానికి కొత్తవాడు కాదు, వాతావరణం చదవడం రానివాడూ కాదు.

నందాదేవి ఈస్ట్ అన్నాను కాబట్టి అది వేరే శిఖరం అని చెప్పాలి, 7434 మీటర్లు. ప్రధాన శిఖరానికీ దీనికీ మధ్య రెండు కిలోమీటర్ల కత్తిలాంటి గట్టు ఉంది. 1939 జులైలో పోలండ్ వాళ్లు దీన్ని మొదట ఎక్కారు. 1951లో ఫ్రెంచివాళ్లు ఇద్దరు, దుప్లా, విన్య్, ఆ గట్టు మీద నడిచి ఒక శిఖరం నుంచి ఇంకోదానికి పోదామని బయల్దేరి మాయమయ్యారు. వాళ్లను వెతుకుతూ ఈస్ట్ శిఖరం ఎక్కినవాళ్లలో టెన్జింగ్ నార్గే ఒకడు. ఎవరెస్ట్ కన్నా ఇదే కష్టంగా అనిపించిందని తర్వాత చెప్పుకున్నాడు.

మరి మీరేం చేయాలి. ఆ వలయం బయటి వైపుకు పోండి, ముందు నడకగా, తాళ్లు లేకుండా. రెండు దారులు నాకు నచ్చినవి ఉన్నాయి.

ఒకటి జోషిమఠ్ వైపు నుంచి. జుమ్మా దగ్గర రోడ్డు వదిలి ద్రోణగిరి ఊరు మీదుగా బాగిని హిమానీనదం దాకా. ఎదురుగా చాంగాబాంగ్ (6864 మీటర్లు), కళంక, పక్కన ద్రోణగిరి (7066 మీటర్లు). నందాదేవి గోడను బయట నుంచి ముక్కు ఆనించి చూడటం అంటే ఇదే. ద్రోణగిరి ఊళ్లో జనం ఆంజనేయుడిని పూజించరు, సంజీవని కోసం తమ కొండను పెకిలించుకుపోయాడని తరతరాల కోపం. బ్యాగు మీద హనుమాన్ స్టిక్కర్ ఉంటే తీసెయ్యమని నేను చెప్పను గానీ, ఊరి మధ్యలో నిలబడి జై హనుమాన్ అని మాత్రం అరవకండి. చలికాలం ఆ ఊరు మొత్తం కిందికి దిగిపోతుంది, కాబట్టి మే చివర నుంచి అక్టోబరు లోపు, మధ్యలో వానలు వదిలేసి పోవాలి. జోషిమఠ్‌లో నందాదేవి పార్కు అటవీ ఆఫీసు ఉంది, ఏ దారి తెరిచారో ఏది మూశారో అక్కడ అడిగి తెలుసుకోండి. లాతా నుంచి ధరాన్సీ వైపు కొంత మేర పరిమితంగా వదిలేవారు, 2021 వరద తర్వాత దారులు మారాయి కాబట్టి నెట్‌లో పాత సమాచారం పట్టుకుని బయల్దేరవద్దు.

రెండోది కుమావూన్ వైపు, మున్సియారీ నుంచి గోరీగంగ వెంట బుగ్డియార్, రిల్‌కోట్ మీదుగా మార్తోలి, అక్కడి నుంచి ల్వాన్ లోయలోకి తిరిగి నందాదేవి ఈస్ట్ బేస్ క్యాంపు. 2019 బృందం పోయిన దారి ఇదే. నాకైతే మొదటిదానికన్నా ఇది ఎక్కువ ఇష్టం. మార్తోలిలో రాతి ఇళ్లు వరసగా ఉంటాయి, పైకప్పులు కూలి గోడలు మాత్రం నిలబడి, గడప మీద చెక్కిన పూలు ఇంకా కనిపిస్తూ. ఒకప్పుడు టిబెట్‌తో ఉప్పు, ఉన్ని వ్యాపారం చేసిన ఊరు. 1962 యుద్ధంతో సరిహద్దు మూతపడింది, వ్యాపారం పోయింది, ఊరు ఖాళీ అయింది. వలస అంటే తెలిసిన పాలమూరువాళ్లు మీరు, ఆ గడపల ముందు కాసేపు ఆగుతారు. ఊరి పైన నందాదేవి గుడి ఉంది, వెనకాల మబ్బు తొలగితే ఈస్ట్ శిఖరం. అది సరిహద్దు ప్రాంతం కాబట్టి మున్సియారీలోనే అనుమతి సంగతి తేల్చుకుని, ఐటీబీపీ పోస్టుల్లో చూపించడానికి గుర్తింపు కార్డుల కాపీలు నాలుగైదు పెట్టుకోండి. మిలం దాకా రోడ్డు పని ఏళ్లుగా నడుస్తోంది, ఏ మజిలీకి ఎంతసేపు అన్న పాత లెక్కలు పనికిరావు.

ఒక జాగ్రత్త. అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదని ఎవరో సలహా ఇచ్చారని శాటిలైట్ ఫోన్ గానీ, శాటిలైట్ మెసేజ్ పంపే చిన్న పరికరం గానీ కొనుక్కుని పోవద్దు. ప్రభుత్వ అనుమతి లేకుండా మన దేశంలో అవి వాడటం నేరం, సరిహద్దు దగ్గర దొరికితే ట్రెక్కింగ్ కాస్తా పోలీస్ స్టేషన్‌లో ముగుస్తుంది. ఎవరు ఎప్పుడు తిరిగి రావాలో రాసిన కాగితం మున్సియారీలో మనిషి దగ్గర, ఇంకోటి ఇంట్లో ఇచ్చి పోండి. చెప్పిన రోజుకు రెండు రోజులు దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో రాయండి.

శిక్షణ. రెండేళ్లు ప్రాక్టీస్ అన్నావు, ఇక్కడే అంటే సరిపోదు. పూర్ణ, ఆనంద్ కూడా మొదలుపెట్టింది భువనగిరి గుట్ట మీదే, 2014 మే 25న ఎవరెస్ట్ చేరారు, అది మనందరికీ గర్వం. కానీ గుట్టకూ ఎవరెస్ట్‌కూ మధ్యలో వాళ్లు డార్జిలింగ్, లడఖ్ వెళ్లి మంచు మీద శిక్షణ తీసుకున్నారన్న సంగతి చాలామంది వదిలేస్తారు. మీరు నలుగురూ ముందు బేసిక్ కోర్సు చేయాలి, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ డార్జిలింగ్‌లోని హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్‌లో గానీ. దాదాపు నెల రోజుల కోర్సు. అందులో ఏ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటారు. సీట్లు ముందే నిండిపోతాయి, ఏడాది ముందు నుంచే వెబ్‌సైట్ చూస్తూ ఉండాలి. ఉద్యోగం చేసేవాళ్లు సెలవు సంగతి ఇప్పుడే మాట్లాడుకోండి, నలుగురిలో ఒకరు కచ్చితంగా అక్కడే ఆగిపోతారు. కోర్సులో ఉంటే ఏం కాదనే ధీమా కూడా వద్దు. 2022 అక్టోబరు 4న ద్రౌపదీ కా దాండా మీద ఉత్తరకాశీ బృందం మీద హిమపాతం పడి పాతిక మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది శిక్షణలో ఉన్న పిల్లలే.

మన దగ్గర చేయగలిగినవి చేయండి. కోయిలకొండ కోట, దేవరకొండ కోట, రాచకొండ గుట్టలు, ఏది దగ్గరైతే అది. బ్యాగులో ఇరవై లీటర్ల నీళ్లు వేసుకుని ఎక్కండి, పైన నీళ్లు పారబోసి ఖాళీగా దిగండి. బరువుతో ఎక్కితే ఊపిరితిత్తులకు పని, బరువుతో దిగితే మోకాళ్లకు దెబ్బ, ఇరవై ఏళ్ల వయసులో ఇది అర్థం కాదు. వేసవిలో పొద్దున ఆరుకల్లా దిగిపోయేలా చూసుకోండి. తాడు మీద జుమార్ (తాడును పట్టి పైకి మాత్రమే జరిగే పిడి) వేసి ఎక్కడం భువనగిరిలో బాగా కుదురుతుంది, అయితే రబ్బరు షూస్‌తో కాకుండా గట్టి మంచు బూట్లు, మందం గ్లౌజులతో చేయండి, చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ముడులు వేయడం ఇంకోలా ప్రాక్టీస్ చేయాలి. బకెట్లో ఐసు వేసి చేతులు మొద్దుబారేదాకా ముంచి, అప్పుడు కళ్లు మూసుకుని ఎయిట్ నాట్ (ఎనిమిది అంకె ఆకారం ముడి) వేసి కారబైనర్‌కు (తాడు తగిలించే లోహపు కొక్కేనికి) తగిలించండి. మొదటిసారి తాడు ఎటు పోతుందో వేళ్లకు తెలియదు. అది తెలిసేదాకా చేయాలి. హిమాలయంలో దిగేటప్పుడు, సాయంత్రం, అలసిపోయి ఉన్నప్పుడు వేసే ముడి ఇదే.

గాలి సంగతి మీకు ఫ్రెండ్‌షిప్ పీక్ మీద రుచి తెలిసింది, 5289 మీటర్లు అది. 5500 దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. 7000 దాటాక లెక్క ఇంకా మారిపోతుంది, మీకున్న అనుభవం దానికి దగ్గర్లో కూడా లేదు. 3000 మీటర్లు దాటాక పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరగకుండా, మూడు నాలుగు రోజులకోసారి ఎక్కకుండా ఆగి పోవాలి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ మాత్ర గురించి డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి. తలనొప్పితో పాటు వాంతులు, తూలుడు, మాట తడబడటం, కూర్చున్నా ఆయాసం, వీటిలో ఏది కనిపించినా రాత్రయినా సరే కిందికి దింపాలి. తెల్లారాక చూద్దాం అనుకునేవాడే ఎక్కువ ప్రమాదం తెస్తాడు.

తిండిలో మనకు ఒక చిక్కు ఉంది, అన్నం. 5000 మీటర్ల దగ్గర నీళ్లు 83 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో బియ్యం ఎంతసేపు ఉడికించినా లోపల పలుకుంటుంది, గ్యాసు మాత్రం అయిపోతుంది. చిన్న ప్రెషర్ కుక్కర్ మోయాలి, లేదంటే అన్నం మీద ఆశ వదులుకోవాలి. మామూలు బ్యూటేన్ గ్యాసు డబ్బా సున్నా డిగ్రీల దగ్గరే మొండికేస్తుంది, ప్రొపేన్ కలిసిన చలిదేశం డబ్బా తీసుకోవాలి. పైన ఆకలి చచ్చిపోతుంది కాబట్టి ఇంట్లో ఇష్టంగా తినేవే పెట్టుకోండి. అచ్చంపేట పల్లీలు, బెల్లంతో పల్లి పట్టీలు, బతుకమ్మకు చేసే నువ్వుల సత్తుపిండి, ఇవి ఏ కంపెనీ ఎనర్జీ బార్ కన్నా బాగా పనిచేశాయి నాకు. సకినాలు వద్దు, బ్యాగులో పొడి అవుతాయి, పైగా ఎండిన నోటికి దిగవు. చిన్న డబ్బాలో మామిడికాయ తొక్కు తప్పకుండా, నోరు చచ్చినప్పుడు దాంతోనే నాలుగు ముద్దలు లోపలికి పోతాయి.

ఇవన్నీ అయ్యాక, అడ్వాన్స్ కోర్సు కూడా చేశాక, 6000 మీటర్ల శిఖరాలు ఒకటి రెండు మీ సొంతంగా ప్లాన్ చేసుకోండి. దరఖాస్తు ఢిల్లీలోని ఇండియన్ మౌంటెనీరింగ్ ఫౌండేషన్‌కు పెట్టాలి, బృందం నాయకుడికి ఏ కోర్సులు, ఏ అనుభవం ఉన్నాయో చూస్తారు. శిఖరం ఎంచుకునేటప్పుడు ఫొటో చూడొద్దు, కాలు విరిగినవాణ్ణి రోడ్డు దాకా మోయడానికి ఎన్ని రోజులు, ఎంతమంది కావాలో లెక్కేయండి. నలుగురు మనుషులు ఒకణ్ణి మోయలేరు, ముగ్గురు అసలే మోయలేరు. ఎవరూ పోని శిఖరమంటే సాయానికి కూడా ఎవరూ రారని అర్థం. ఈస్ట్ శిఖరం లాంటి మాట ఆ లెక్క మీకు తప్పు లేకుండా వచ్చాక మాట్లాడుకుందాం. అప్పటికి ప్రధాన శిఖరం తెరుస్తారో లేదో నేను చెప్పలేను, తెరిచినా లాతా వాళ్లు వద్దంటే నేనైతే పోను.

నలుగురిలో ఎవరికి ఫ్రెండ్‌షిప్ పీక్ మీద తలనొప్పి గానీ వాంతులు గానీ అయ్యాయో, ఏ క్యాంపులో, ఎన్ని గంటలకు తగ్గిందో రాసి పెట్టు. చెప్పడానికి సిగ్గుపడేవాడిది ముఖ్యంగా కావాలి. దాన్ని బట్టి మీరు ముందు బాగిని పోవాలో, మార్తోలి పోవాలో చెప్తా.